విరిగిన సీటు పారవేయకండి

బిడ్డ గాయపడితే మన ఇళ్లలో మొదట వినబడే మాట అల్లాహ్ నిర్ణయమని. నిజమే. అయితే కారులోని పిల్లల సీటు కొక్కెం లోపం వల్లనే ఊడిపోయి ఉంటే, హక్కును అడగడం సహనానికి విరుద్ధమని మేము భావించము. సరుకులోని లోపం దాచి అమ్మడాన్ని షరీఅత్ కూడా అనుమతించదు; దుకాణదారుల్లో మనవారూ ఉన్నారు కదా!

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇట్టి గాయానికి తయారీదారు బాధ్యుడు. తయారీదారు ఎవరో తెలియని సరుకైతే, అమ్మినవాడే జవాబుదారీ. బిడ్డ తరఫున తల్లి గాని తండ్రి గాని ఫిర్యాదు చేయవచ్చును. సీటు ఎక్కడినుండి తెప్పించినా, గాజువాకలో నివసించేవారికి విశాఖపట్నంలోని జిల్లా కమిషన్ చాలును. గడువు రెండేళ్లు. వస్తువు వెల 5 లక్షలు మించకుంటే రుసుము లేదు, వకీలూ తప్పనిసరి కాదు.

కాని దుఃఖంలో ఆ సీటును పాత ఇనుప సామాన్ల వానికి వేసేస్తే సాక్ష్యం పోయినట్లే. దానిని బాగుచేయించకుండా, రశీదుతో, ఆసుపత్రి కాగితాలతో కలిపి దాచండి. కొత్తది ఇస్తామని కంపెనీవారు పాతది అడిగినా, ఫిర్యాదు తేలేవరకు ఇవ్వకండి.