ఎవరి పేరున వెళ్తుంది?

విదేశాల్లో ఎం.బి.ఏ. చదువు గురించి కౌతాళంలో మాట్లాడటమేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే ఊళ్లివి. వెంట పోయిన ఆడపిల్లకు బడి మధ్యలో ఆగుతుంది, తిరిగొచ్చాక పెళ్లి. 'ముందు పదో తరగతి సంగతి చూడండి, అమెరికా తర్వాత' అంటారు. కానీ ఇదే ఆదోని, ఎమ్మిగనూరు వైపు కాస్త భూమో దుకాణమో ఉన్న ఇంట్లో కొడుకు పైదేశం పోతానంటే ఈ మాట ఎవరూ అనరు. పొలం తాకట్టు పెట్టడం గురించి ఆలోచిస్తారు.

పైదేశాలకు వెళ్లే ఆడపిల్లలు లేరని కాదు. చాలామంది భర్త వెంట వెళ్తున్నారు. అమెరికాలో హెచ్-1 ఉద్యోగి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద 2015 దాకా ఏ ఉద్యోగమూ చేయడానికి వీల్లేదు. ఆ సంవత్సరం వచ్చిన అనుమతి కూడా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే. ఇంజనీరింగు చదివిన తెలుగు స్త్రీలు ఏళ్లతరబడి ఆ ఇంటి నాలుగు గోడల మధ్య ఉండిపోయింది ఇందువల్లే. భర్త హింసిస్తే బయటికి రావడానికి కూడా వీసా అడ్డం వస్తుంది. తన చదువు కోసం తన పేరున వీసా తీసుకుని వెళ్లిన స్త్రీకి ఈ సంకెల లేదు. మనం అడుగుతున్నది ఆ రెండో దారి.

ఆ దారిలో బిజినెస్ చదువుకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మంచి పేరున్న విదేశీ ఎం.బి.ఏ. కళాశాలలు మార్కులతో తృప్తిపడవు. డిగ్రీ తర్వాత కొన్నేళ్ల ఉద్యోగానుభవం కావాలంటాయి. ఇంద్రా నూయి 1978లో యేల్‌కి వెళ్లేటప్పటికి ఆమె చేతిలో కలకత్తా ఐ.ఐ.ఎం. పట్టా, ఉద్యోగం చేసిన అనుభవం ఉన్నాయి. అంటే ఇరవై ఒకటికి డిగ్రీ, ఆ పైన మూడు నాలుగేళ్లు ఉద్యోగం, ఇరవై ఐదు దగ్గర ప్రయాణం. మన ఊళ్లలో ఆడపిల్లకు దక్కనివి సరిగ్గా ఈ ఏళ్లే. 2006 చట్టం పద్దెనిమిదేళ్లు నిండేదాకా కాపాడుతుంది, మనమూ అంతవరకే కాపలా కాస్తున్నాం. పద్దెనిమిది నిండిన మర్నాడు జరిగే పెళ్లి మన రిజిస్టర్లలో విజయం కిందే నమోదవుతోంది! 2024లో ఆదోని ప్రాంతం అమ్మాయి ఒకతె బాల్యవివాహాన్ని తప్పించుకుని ఇంటర్లో గొప్ప మార్కులు తెచ్చుకుంటే పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. అలాంటి అమ్మాయిలకు ఇరవై నుంచి ఇరవై ఐదు దాకా ఎవరు అండగా ఉంటారన్నది ఏ పత్రికా అడగలేదు.

ఇక డబ్బు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతుంది. విదేశీ ఎం.బి.ఏ. ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. ఆస్తి ఎవరి పేరున ఉంది? 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ ఉమ్మడి కుటుంబాల్లో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. నలభై ఏళ్లు గడిచినా పాస్‌బుక్కులో అన్నదమ్ముల పేర్లే. కూతురి కోసం ఎకరం అమ్మని తండ్రి లేడు, కానీ అమ్మేది కట్నానికి. 1961 నుంచి నేరమైన కట్నానికి దొరికే భూమి, చట్టం ఇచ్చిన వాటా కింద చదువుకి తనఖా పెట్టడానికి ఎందుకు దొరకదు?

అప్పులో ప్రమాదం లేదని చెప్పడం మోసం. చదువయ్యాక పని వెతుక్కోవడానికి అమెరికా మామూలుగా ఇచ్చేది 12 నెలలు. బ్రిటన్ 2021 నుంచి ఇస్తూ వచ్చిన రెండేళ్లను, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలకు తగ్గిస్తామని ప్రకటించింది. ఆలోపు ఉద్యోగం దొరక్కపోతే వాయిదాలు ఇక్కడి జీతంతో కట్టాలి. కన్సల్టెన్సీలు ఇది చెప్పవు, మనం చెప్పాలి. కొడుకు విషయంలో ఈ నష్టాన్ని పెట్టుబడి అనే కుటుంబం కూతురి విషయంలో దుబారా అనడమే మన అభ్యంతరం.

సెంటు భూమి లేనివాళ్ల సంగతి? రాష్ట్ర పథకాలు ప్రభుత్వంతోపాటు పేర్లు మార్చుకుంటూ వచ్చాయి. 2022లో తెచ్చిన పథకాన్ని ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200 విశ్వవిద్యాలయాలకు ముడిపెట్టారు. కేంద్రం నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 125 సీట్లుంటే 115 దళితులకు, 6 సంచార, విముక్త జాతులకు, మిగిలిన 4 భూమిలేని వ్యవసాయ కూలీలకూ సంప్రదాయ చేతివృత్తులవారికీ కలిపి. మొత్తంలో 30 శాతం స్త్రీలకు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం ఇంటి పిల్లలూ, కౌతాళంలో కూలి ఇంటి పిల్లలూ, దేశంలోని అలాంటి వాళ్లందరితో కలిసి ఆ నాలుగింటికి పోటీ పడాలి. నాలుగు! ఈ సంఖ్య పెంచమని అడగాలి. దానితోపాటు, కర్నూలు జిల్లా నుంచి ఏటా ఎందరు స్త్రీలు దరఖాస్తు చేశారో, ఎందరికి వచ్చిందో సమాచార హక్కు చట్టం కింద కేంద్ర సామాజిక న్యాయ శాఖను అడగాలి. ఆ దరఖాస్తు ఈ నెలలోనే పెట్టవచ్చు.