మోతీ తప్పా, మా తప్పా?

మా బావమరిదికి కటకమునుండి బదిలీ అయినప్పుడు నాలుగేండ్ల మోతీ బరంపురములోని మా యింటికి వచ్చినది. అక్కడ దానిని సిమెంటు పెరటిలో కట్టివుంచేవారు. మా వసారా కూడ సిమెంటే. ఇక చెప్పేదేమున్నది? రెండవనాడే తడిచేసినది. మేము ఆఫీసునుండి వచ్చి, మెడపట్టీ పట్టుకొని మడుగు దగ్గరకు ఈడ్చి, రెండు తగిలించినాము. బావమరిది దానితో ఒడియాలో మాట్లాడేవాడు గనుక ఒడియాలోనే తిట్టినాము. తల దించుకొన్నది. తప్పు తెలుసుకొన్నదని సంతోషించినాము!

అది తెలుసుకొన్నది మా కోపమును మాత్రమే. ఎప్పుడో చేసిన పనికి యిప్పుడు పడే దెబ్బ ఎందుకో కుక్కకు తెలియదు. మరునాటినుండి మంచము క్రిందకు పోయి చేయసాగినది. వీధిలో అరగంట త్రిప్పినా మా యెదుట ఒక్క చుక్క విడువదు. యింటికి రాగానే చాటుకు పరుగు.

"ఏమండీ, మీ ముందు పోస్తే కొడతారని దాని భయము. వీధిలో గొలుసు పట్టుకొన్నదీ మీరే కదా?" అన్నది మా ఆవిడ. ఇరవై యేండ్లు ఫైళ్లు చూచిన మా బుర్రకు యీ మాట తోచలేదు.

ముందుగా పశువైద్యునికి చూపినాము. పెద్ద కుక్క హఠాత్తుగా యిల్లు పాడుచేస్తే మధుమేహము, మూత్రపిండముల జబ్బు, మూత్రములో క్రిముల దోషము వుండవచ్చును. మోతీకి ఏమీ లేదు.

తరువాత కుక్కపిల్లకు వలెనే మొదటినుండి నేర్పినాము. లేవగానే, తిన్న తరువాత, పడుకోబోయే ముందు ఒకే చోటికి తీసుకొనిపోయేవారము. మొదట సిమెంటు కాలువగట్టు, పిమ్మట దాని ప్రక్క మట్టి. పని కాగానే అక్కడికక్కడే రొట్టెముక్క. యింటికి వచ్చి యిస్తే లాభము లేదు. వసారాకు ఫినాయిలు మానినాము. ఆ వాసన మన ముక్కును మరపిస్తుంది గాని కుక్క ముక్కును కాదు. పెంపుడు జంతువుల దుకాణములో దొరికే ఎంజైము ద్రవముతో తుడిచినాము.

ఇక గొలుసు సంగతి. మంచి బండివాడు పగ్గమును కదిపి వదులుతాడు. పొద్దస్తమానము బిగించి లాగడు. మోతీ నేల వాసన చూస్తూ చుట్టు తిరుగుతుంటే, ఆ క్షణములోనే "ఊఁ" అని గొలుసు మెత్తగా ఒకసారి కదిపి, బయటకు నడిపించేవారము. అడుగు వేయగానే వదులు. మెడ నొక్కుకొనేటట్లు గుంజితే కుక్కకు భయమే మిగులుతుంది.

దీపావళి టపాకాయలకు బెదరి ఒకసారి తప్పినది. ఏమీ అనక తుడిచినాము.

మొన్న వానలో మేము గొడుగు పట్టుకొని నిలబడితే, మోతీ మా కాలి ప్రక్కనే మట్టిలో పని ముగించి మా మొగము వంక చూచినది. రొట్టెముక్క యింటిలో మరచి వచ్చినాము.