అరువు పాట కాదు, ఎదిగిన పాట

సంపాదకులకు,

పోయిన సంచికలో ఒక వ్యాసకర్త, పేరున్న గాయకుడు వయసు మీదపడ్డాక ఇతరుల పాటలతో ఆల్బమ్ చేస్తే అది సరుకు అయిపోయిందనడానికి గుర్తు అని తేల్చేశారు. ఒప్పుకోలేను.

అమెరికా గాయకుడు బాబ్ డిలాన్‌నే తీసుకోండి. 1992, 1993లలో ఆయన వరుసగా రెండు ఆల్బమ్‌లు చేశారు. అన్నీ పాత జానపదాలు, బ్లూస్ పాటలే. సొంతది ఒక్కటీ లేదు. గిటారు, మౌతార్గాన్, ఆయన గొంతు, అంతే. రెండోదానికి గ్రామీ వచ్చింది. 1997లో మళ్ళీ సొంత పాటలతో వచ్చిన ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ వింటే సరుకు అయిపోయిందని ఎవరంటారు? అసలు 1962 నాటి ఆయన తొలి ఆల్బమ్‌లోనూ సొంతవి రెండే.

అంతదూరం ఎందుకు? ‘బండెనక బండి’ రాసింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాక అది ఊరూరా తిరిగింది. సొంతంగా అన్ని పాటలు కట్టిన గద్దర్‌కి ఆ పాటతో ఏం తక్కువైంది?

మా భివండీ నార్పోలిలో కరీంనగర్, నల్లగొండల నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమి. సాంచెలు (మరమగ్గాలు) నడుస్తుంటే పక్కవాడి మాట వినపడదు. కరెంటు పోయి షెడ్డు సద్దుమణగగానే ఎవరో ఒకరు ఆ పాట అందుకుంటారు, మిగతావాళ్ళు కోరస్. యాదగిరి పేరు మాత్రం కుర్రాళ్ళకు తెలియదు. నా బాధ అది.

గాయకుల మీద రాసేటప్పుడు పాట కట్టినవారి పేరు కూడా అచ్చువేయమని మీ పత్రికను కోరుతున్నాను.

— ఒక సాంచెల కార్మికుడు, నార్పోలి, భివండీ