సంతకం ఉంటే సరిపోతుందా?

బ్యాంకులో చెక్కు ఇస్తే గుమస్తా ఏం చేస్తాడు? సంతకం పోల్చి చూస్తాడు. తేదీ చూస్తాడు. దిద్దుబాట్లేమైనా ఉన్నాయేమోనని అటూ ఇటూ తిప్పుతాడు. ఏ కాస్త తేడా కనిపించినా వెనక్కిచ్చేస్తాడు. మరి, ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి 'ఫలానా పని చేసిపెట్టు' అని సందేశం పంపితే? అక్కడా అలాంటి గుమస్తా ఉండాల్సిందే!

కంప్యూటర్లు ఇలా ఒకదానితో ఒకటి పనులు చేయించుకునే ఏర్పాటే వెబ్ సర్వీస్. ఆ సందేశాలు రాసే పద్ధతుల్లో ఒకటి 'సోప్' (ఒంటికి రుద్దుకునేది కాదులెండి!). వీటి భద్రత కోసం ఒయాసిస్ సంస్థ 2004లో ఒక ప్రమాణాన్ని ఆమోదించింది. దాని ప్రకారం పంపినవారి డిజిటల్ సంతకం, పంపిన సమయం, గడువు... అన్నీ సందేశంలోనే ఉంచొచ్చు. రహస్యాలను ఇతరులకు అర్థంకాని సంకేతాల్లోకి మార్చొచ్చు. కానీ అవి ఉండి తీరాలని పట్టుబట్టాల్సింది మాత్రం సందేశాన్ని అందుకునే సర్వరే. గడువు దాటినా, ఒకసారి వచ్చిన సందేశమే మళ్లీ వచ్చినా తిప్పి పంపాలి. లేకపోతే పాత సందేశాన్ని కాజేసినవాడు దాన్నే మళ్లీ పంపి, ఒకే చెల్లింపును రెండుసార్లు చేయించగలడు.

ఇన్ని చూసినా ఒక మోసానికి అవకాశముంది. యజమాని సంతకం చేసిన కాగితాన్ని కట్టలో వెనక్కి నెట్టి, ముందు వేరే కాగితం పెట్టారనుకోండి. గుమస్తా వెనక కాగితం మీది సంతకం చూసి 'సరే' అన్నాడు. అధికారి ముందు కాగితం చదివి పొలం రాసిచ్చేశాడు! సంతకం అసలుదే, పని మాత్రం దొంగది.

2011లో జర్మనీలోని బోకమ్ రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా ఈ ఎత్తుతోనే అమెజాన్ క్లౌడ్ సేవల్లోని లోపాన్ని బయటపెట్టారు. సంతకాన్ని సరిచూసే ప్రోగ్రామ్ సందేశంలో ఒక భాగాన్ని చూస్తే, ఆదేశాన్ని అమలుచేసే ప్రోగ్రామ్ మరో భాగాన్ని చదివింది. ఖాతాదారు సంతకమున్న ఒక్క సందేశం చేజిక్కితే చాలు, అతని పేరుతో ఏ ఆదేశమైనా ఇవ్వొచ్చన్నమాట. సంగతి తెలిశాక అమెజాన్ ఆ లోపాన్ని సరిచేసింది.

అందుకే సర్వర్ వేసుకోవాల్సిన ప్రశ్న 'సంతకం ఉందా' అన్నదొక్కటే కాదు... 'నేను ఇప్పుడు అమలు చేయబోయే ఆదేశం మీదే ఉందా?' అని కూడా. మన ఆధార్ ధ్రువీకరణకు వెళ్లే సందేశాలపైనా డిజిటల్ సంతకం ఉంటుంది. వేలిముద్ర వేసి రేషన్ తీసుకునే అవ్వకు ఇదంతా తెలియక్కర్లేదు. సర్వర్‌కి మాత్రం తెలిసి తీరాలి!