మేనేజరు బల్ల ముందు క్యూ

టమాటా మండీలో కొట్టు నడిపినా, పుంగనూరులో బ్యాంకు శాఖ నడిపినా మన మేనేజర్లలో చాలామందికి ఒకటే జబ్బు: ప్రతి ప్రశ్నకూ తామే జవాబు చెప్పాలనుకోవడం. వాళ్లు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బడులు చూడాలి. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు. పద్మనాభరావు, రమ దంపతులు తీర్చిదిద్దిన ‘రివర్’ పద్ధతిలో పాఠాల వరుసను మెట్లుగా చూపే నిచ్చెన పటం చూసుకుని, తన తర్వాతి మెట్టు కార్డును పిల్లే తెచ్చుకుంటుంది. కొందరు తోటివాళ్లతో, కొందరు ఒంటరిగా నేర్చుకుంటారు. టీచరు మాత్రం కొత్త పాఠం మొదలుపెట్టినవాళ్ల పక్కన కూర్చుంటారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులూ ఈ దారి పట్టాయి. మెట్లన్నీ ముందే రాసిపెట్టడం చాకిరీయే, కాదనలేం. కానీ ఏ పని తర్వాత ఏ పనో గోడకు అంటించి, పొద్దున్నే కొత్త కుర్రాడి పక్కన అరగంట కూర్చోవడానికి హెడ్డాఫీసు సర్క్యులర్ అక్కర్లేదు.