వెనుక నిలబడే నాయకుడు

"శనివారం సాయంత్రాలు కూడా బడిలోనే గడుపుతారు. ఇందుకు మీకు అదనంగా ఎంత ఇస్తారు మాస్టారూ?" అని మా వీధిలోని పెద్దలు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఏమీ ఇవ్వరని చెబితే కొందరు నమ్మరు. నమ్మినవారు జాలిపడతారు. ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించే నేను ఇరవై ఏళ్లుగా స్కౌటు దళానికి నాయకునిగా ఉన్నాను. జీతం లేని ఈ పనిలో కాలం ఖర్చవుతుందని, ఒక్కొక్కసారి చేతి డబ్బు కూడా ఖర్చవుతుందని చూసేవారికి సులభంగానే తెలుస్తుంది. అవి నిజమైన కష్టాలే. కానీ వాటన్నిటికంటే పెద్ద కష్టం బయటికి కనిపించదు. పిల్లలు చేయవలసిన పనిలో పెద్దవాడు తన చేయి పెట్టకుండా నిగ్రహించుకోవడమే ఆ కష్టం. యువతకు సేవ నేర్పదలచినవాడు మొదట అలవరచుకోవలసిన గుణం ఇదేనని నా అభిప్రాయం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. స్కౌటు ఉద్యమ స్థాపకుడైన బేడెన్ పావెల్ 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో సుమారు ఇరవై మంది బాలురతో తొలి శిబిరాన్ని నడిపాడు. సంపన్నుల పిల్లలను, శ్రామికుల పిల్లలను అక్కడ ఒకేచోట ఉంచాడు. వారిని నాలుగు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక బాలుణ్ణే నాయకునిగా నియమించాడు. అప్పటికే ఆయన సైన్యంలో పేరు పొందిన అధికారి. ఆజ్ఞాపించడం ఆయనకు కొత్త కాదు. అయినా శిబిరంలోని బాధ్యతను బాలుర చేతికే అప్పగించాడు. నేటికీ స్కౌటు దళానికి ఈ జట్టు పద్ధతే వెన్నెముక. ఆరుగురు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక జట్టు. గుడారం వేయడం, వంట చేయడం, దారి గుర్తులు చదవడం, ముడులు వేయడం, గాయానికి కట్టు కట్టడం అన్నీ జట్టుగానే నేర్చుకుంటారు.

మన దేశంలో ఈ ఉద్యమం 1909లో అడుగు పెట్టింది. మొదట్లో అది తెల్లవారి పిల్లలకే పరిమితమై ఉండేది. ఆ రోజులలో అనీబిసెంటు, అరండేల్ మద్రాసులో భారతీయ బాలుర కోసం ప్రత్యేకంగా ఒక సంఘాన్ని ఏర్పరచారు. ఉత్తర భారతంలో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ వంటివారు సేవాసమితి స్కౌటు సంఘాన్ని నడిపించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7వ తేదీన వేర్వేరు సంఘాలు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పేరుతో ఒక్కటయ్యాయి. మరుసటి సంవత్సరం బాలికల గైడు సంఘం కూడా అందులో కలిసింది. "మీకు చేతకాదు" అన్న మాటను కాదనడానికి మన పెద్దలు ఎంతో శ్రమించారు. అదే మాటను ఈనాడు మనం మన పిల్లలతో అనడం ఎంతవరకు న్యాయం?

దళనాయకుని దినచర్య చాలా సాధారణమైనది. శనివారం నాలుగున్నరకు చివరి గంట మోగుతుంది. ముప్పై మంది పిల్లలు రావలసిన చోటికి పద్దెనిమిది మంది వస్తారు. మిగిలినవారిలో కొందరికి ట్యూషను, కొందరికి పొలం పని, కొందరికి జ్వరం. తాళ్ల పెట్టె తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది. ఆయన అప్పటికే సైకిలెక్కి వెళ్లిపోయి ఉంటాడు. ఎలాగో తాళ్లు బయటికి తీసి, కట్టు కొసలను కలిపే రీఫ్ ముడిని, కర్రకు తాడు బిగించే క్లోవ్ హిచ్ ముడిని మొదలుపెట్టేసరికి వాన వస్తుంది. వరండాలోకి పరుగెత్తుతాం. అక్కడ పదవ తరగతి ప్రత్యేక తరగతి జరుగుతూ ఉంటుంది. గోల చేయవద్దని ఆ మాస్టారు కిటికీలోంచి సైగ చేస్తారు.

తల్లిదండ్రుల బాధ మరొక విధంగా ఉంటుంది. "మావాడు లెక్కలలో వెనుకబడ్డాడు. ఈ ముడులు పరీక్షలో వస్తాయా మాస్టారూ?" అని ఒక తండ్రి అడిగాడు. నేను కోపగించుకోలేదు. ఆయన తాపీపని చేసి కొడుకును చదివిస్తున్నాడు. ఆయన భయం న్యాయమైనదే. యూనిఫాం కొనలేని పిల్లలు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి మానేస్తారు. వారి ఇళ్లకు వెళ్లి, పూర్వ విద్యార్థులు ఇచ్చిన దుస్తులున్నాయని చెప్పి, మళ్లీ పిలుచుకు రావాలి. ఇంటివద్ద నా భార్య "లోకంలోని పిల్లలందరికీ సెలవురోజు ఉంది, మన పిల్లలకు తప్ప" అని ఒకసారి అన్నది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. సేవ చేసేవాని కాలం అతనొక్కనిదే కాదు, అతని ఇంటివారిది కూడా. వారి వాటాను వారినడగకుండా తీసి ఊరికి పంచిపెట్టడం సేవ కాజాలదు. ఆనాటి నుంచి నెలలో ఒక శనివారం దళానికి సెలవు ప్రకటించాను.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను నాయకుణ్ణయిన రెండవ సంవత్సరంలో మా ఊరి చెరువు అవతల ఉన్న మామిడితోటలో రెండు రోజుల శిబిరం పెట్టాం. మొదటి రాత్రి వంట ఒక జట్టు వంతు. జట్టు నాయకుడు తొమ్మిదో తరగతి బాలుడు. తడి పుల్లలు అంటుకోక పొగ కమ్మింది. ఎసరు మరగకముందే బియ్యం పోశారు. ఏడున్నర దాటింది. చిన్నపిల్లలు ఆకలి అంటున్నారు. నాకు ఓపిక నశించింది. "లేవండి, నేను చూస్తాను" అని గరిటె అందుకున్నాను. అరగంటలో అన్నం, పప్పు సిద్ధమయ్యాయి. అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. నాకూ కొంచెం గర్వంగానే ఉంది.

మర్నాడు ఉదయం గుడారాల తాళ్లు వదులైతే ఎవరూ కదలలేదు. ఎందుకని అడిగాను. ఆ జట్టు నాయకుడు నేలచూపులు చూస్తూ, "మీరే చేసేస్తారు కదా మాస్టారూ" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. తానేమి నేర్చుకున్నాడో అదే చెప్పాడు. రెండు మాసాలు శ్రమించి ఆ బాలునికి నేర్పిన నాయకత్వాన్ని అరగంటలో, నలుగురి ఎదుట నేనే లాగేసుకున్నానని అప్పుడు తెలిసింది. ఆ తరువాత అతడు మా సమావేశాలకు రావడం మానేశాడు. నేను రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు గానీ తిరిగి రాలేదు. నా ఇరవై ఏళ్ల అనుభవంలో మరచిపోలేని ఓటమి అదే.

అయితే, పిల్లలను వారి మానాన వదిలివేయమని నేను చెప్పడం లేదు. పొరపాటుకు, ప్రమాదానికి మధ్య గీత గీయడం నాయకుని బాధ్యత. అన్నం పలుకుగా ఉండటం పొరపాటు. చెరువులోకి దిగడం ప్రమాదం. ఉప్పు ఎక్కువైతే పిల్లలు మరునాడు సరిచేసుకుంటారు. పొయ్యి దగ్గర నైలాను దుస్తులు అంటుకుంటే సరిచేసుకోవడానికి మరునాడు ఉండదు. అందువల్ల శిబిరానికి ముందు తల్లిదండ్రుల సమ్మతిపత్రాలు, ఫోను నంబర్లు, పిల్లల అనారోగ్య వివరాలు సేకరిస్తాను. సమీపంలోని ఆరోగ్య కేంద్రానికి దారి చూసి వస్తాను. ఒక్క పెద్దవాడే తోడుగా ఉంటే శిబిరానికి బయలుదేరను. రాత్రి మూడుసార్లు లేచి తలలు లెక్కపెడతాను. ఈ పనులేవీ పిల్లలకు కనిపించనవసరం లేదు. ఈ ఏర్పాట్లన్నీ ముందే ఉన్నప్పుడే నాయకుడు ధైర్యంగా ఒక అడుగు వెనుక నిలబడగలుగుతాడు. ఏ ఏర్పాటూ లేకుండా వెనుక నిలబడితే అది నిర్లక్ష్యమవుతుంది.

ఈ పరీక్ష నాకు 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాల సమయంలో ఎదురైంది. అంతకుముందు సంవత్సరమే గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా యాత్రికులు మరణించారు. ఆ దుఃఖం ఇంకా ఎవరూ మరచిపోలేదు. విజయవాడలో యాత్రికుల సేవకు మా దళాన్ని పంపమని కోరినప్పుడు తల్లులు భయపడ్డారు. నేనూ భయపడ్డాను. నీటి అంచున గాని, జనం ఒత్తిడి ఉండే దారిలో గాని మా పిల్లలను నిలబెట్టబోమని పెద్దల నుంచి మాట తీసుకున్నాను. ఘాటుకు దూరంగా యాత్రికులు విశ్రమించే పందిరి కింద మంచినీళ్లు అందించడం, దారి చెప్పడం మా పని. ఎనిమిదో తరగతి లోపు పిల్లలను తీసుకువెళ్లలేదు.

రెండవ రోజు మధ్యాహ్నం ఒక వృద్ధురాలు తనవారి నుంచి తప్పిపోయి మా పందిరికి వచ్చింది. ఆమెకు ఫోను నంబరు తెలియదు. మా దళంలోని ఒక బాలుడు ఆమె పేరు, ఊరు అడిగి మైకులో చెప్పించాడు. ఎవరూ రాలేదు. రెండవసారి చెప్పించాడు. అప్పుడూ ఎవరూ రాలేదు. ఆమె కంటతడి పెట్టింది. నేను లేచాను. పోలీసు సహాయ కేంద్రానికి స్వయంగా తీసుకువెళదామనుకున్నాను. పాత మామిడితోట జ్ఞాపకం వచ్చి ఆగాను. ప్రమాదమేమీ లేదు. ఆమె నీడలో కూర్చుని ఉంది. కొద్దిసేపు చూద్దామనుకున్నాను.

ఆ బాలుడు ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. "మామ్మగారూ, మీతో ఎవరెవరు వచ్చారు?" అని తీరికగా మాటలు కలిపాడు. కొడుకు, కోడలు, మనుమరాలు వచ్చారని ఆమె చెప్పింది. "ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని అడిగాడు. అప్పుడు విషయం బయటపడింది. మేము మైకులో చెప్పినది రేషను కార్డులోని పేరు. ఆ పేరుతో ఆమెను పిలిచేవారే లేరు. బాలుడు పరుగున వెళ్లి ఈసారి మనుమరాలి పేరు చెప్పి, "పాప నాయనమ్మగారు స్కౌట్ల పందిరిలో ఉన్నారు" అని చెప్పించాడు. పది నిమిషాలలో కొడుకు ఆయాసపడుతూ వచ్చాడు. ఆ గోలలో పరాయి పేరులా వినిపించిన తల్లి పేరును అతడు పట్టించుకోలేదట. కూతురి పేరు మాత్రం చెవిన పడిందట.

నేనైతే ఆమెను సహాయ కేంద్రంలో అప్పగించి నా కర్తవ్యం ముగిసిందనుకునేవాణ్ణి. ఆమె పక్కన కూర్చోవాలని నాకు తోచేది కాదు. ఆనాడు శిష్యుని నుంచి గురువు నేర్చుకున్నాడు.

ఇటీవల సేవకు సర్టిఫికెట్టే పరమావధి అన్న భావన బలపడుతున్నది. ప్రవేశం మొదలుకొని మూడు సోపానాలు దాటి, రాజ్య పురస్కారం, రాష్ట్రపతి పురస్కారం వరకు స్కౌటు శిక్షణలో మెట్లున్నాయి. రైల్వే ఉద్యోగాలలో స్కౌట్లకు, గైడ్లకు ప్రత్యేక కోటా ఉన్నదన్న మాట కూడా నిజమే. పేదింటి బిడ్డ దానిని ఆశించడంలో తప్పులేదు. కానీ పుస్తకంలో సంతకాల కోసం నాయకుడే ముడి వేసి, నాయకుడే పటం గీసి, పిల్లవాని పేరు రాసే చోట ఆ సర్టిఫికెట్టు అబద్ధమవుతుంది. అలాగే, జెండా పండుగనాడు కవాతుకు, అతిథులకు స్వాగతం పలకడానికి మాత్రమే పాఠశాలలకు స్కౌట్లు గుర్తుకు రావడం విచారకరం. మెడలోని స్కార్ఫు అలంకారం కోసం వేసుకున్నది కాదు. అవసరమైతే దానితో విరిగిన చేతికి ఊతంగా కట్టు కట్టవచ్చునని ప్రతి స్కౌటుకూ నేర్పుతాం.

విద్యార్థులారా! మీలో కొందరు బడిలో స్కౌట్లుగానో గైడ్లుగానో ఉండి, పదవ తరగతితో ఆ స్కార్ఫును పెట్టెలో పెట్టి ఉంటారు. ఇంటర్మీడియట్ చదువు భారమైనదని నాకు తెలుసు. మీ వయసు వారికి రోవర్, రేంజర్ విభాగాలున్నాయి. వాటిలో చేరే వీలు లేకపోతే, నెలకు ఒక్క శనివారం మీరు చదివిన బడికి వెళ్లండి. అక్కడ నావంటి ఒక మాస్టారు తాళంచెవి కోసం వెతుకుతూ ఉంటాడు. నా తల నెరిసింది. మా పిల్లలకు నా మాటకంటే మీ మాట త్వరగా ఎక్కుతుంది. మీకు తెలిసిన ఒక ముడినో, ఒక ఆటనో నేర్పండి. పిల్లవాడు మొదటిసారి తప్పుగా వేస్తాడు. మీ వేళ్లు తాడు వైపు వెళతాయి. అప్పుడు చేతులు కట్టుకుని, అతడు రెండవసారి వేసేవరకు ఓపిక పట్టండి.