హోస్టింగ్ డబ్బులు కట్టే దారి మారుస్తున్నారంట, పాతది మూసేయొద్దు



మన సీనియర్ అన్నయ్యలిద్దరు వెబ్‌సైట్లకు హోస్టింగ్ ఇచ్చే చిన్న వ్యాపారం నడుపుతున్నారని గ్రూపులో చాలామందికి తెలుసు. అరకు వైపు హోమ్‌స్టేలు, కాఫీ, తేనె అమ్ముకునే మనోళ్ళు, మన ఊళ్ళ పాటలు పెట్టుకున్న మా హాస్టల్ సైటు, అన్నీ వాళ్ళ దగ్గరే. వచ్చే నెల నుంచి ఫోన్ నంబరుకి డబ్బులు పంపడం బంద్, కార్డు లేదా ఆటోపే మాత్రమే అని మెసేజ్ పెట్టారు. దీని మీద నాలుగు రోజులుగా హాస్టల్లో మాట్లాడుకున్నది రాస్తున్నాం.

ముందు వాళ్ళ వైపు న్యాయం చెప్పాలి. సొంత నంబరుకి అందరూ పంపితే ఏ డబ్బు ఎవరిదో తేలదు. ఎక్కడో ఎవరో పెట్టిన సైబర్ ఫిర్యాదు వల్ల బ్యాంకోళ్ళు ఖాతా ఆపేస్తే వ్యాపారం మొత్తం ఆగిపోతుంది. రసీదు వచ్చే పద్ధతి కావాల్సిందే. కానీ దానికి షాపు పేరు మీద క్యూఆర్ పెట్టినా సరిపోతుంది కదా? 2020 జనవరి నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి వ్యాపారి మీద ఎండీఆర్ లేదు. గేట్‌వే కంపెనీ తన ఫీజు వేరే అడగొచ్చు, అది వేరే లెక్క. యూపీఐ క్యూఆర్ తీసేసి కార్డు ఉంచడం మాత్రం మాకు అర్థం కాలేదు. మాలో సగం మందికి కార్డే లేదు. ఉన్నవాళ్ళకి కూడా ఖాతాకి లింకైన నంబరు నాన్నది. ఓటీపీ ఊళ్ళో ఆయన ఫోన్‌కి వెళ్తుంది.

అసలు గొడవ ఆటోపే దగ్గర. ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే, ఆ తర్వాత 15,000 లోపు మొత్తానికి మళ్ళీ పిన్ అడగదు. కోతకి 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. నియమం మంచిదే. పోయిన ఏడాది వేరే ఒక యాప్ కోసం మా రూమ్మేట్ తన స్కాలర్‌షిప్ ఖాతా మీద ఆటోపే పెట్టాడు. కబురు వచ్చిన రోజు వాడు సెలవుకి ఊళ్ళో ఉన్నాడు. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. వాడు మూడోరోజు ఎక్కాడు. అప్పటికే డబ్బులు పోయాయి, పరీక్ష ఫీజు మేమంతా తలా కొంచెం వేసి కట్టాం. నియమాన్ని ఎవరూ తప్పలేదు, అదే విచిత్రం.

ఇంకోటి. మన సైటు డబ్బు ఒక్కరిది కాదు, మెస్ దగ్గర ఇరవై, యాభై చొప్పున పోగుచేసింది. దాన్ని ఎవరి ఖాతా నుంచి కోయిస్తారు? ఆ పిల్లాడు డిగ్రీ అయిపోయి వెళ్ళిపోతే?

కట్టకపోతే ఏమవుతుందో కూడా చూడండి. డాట్ కామ్ పేరు గడువు దాటితే వెంటనే పోదు. రిజిస్ట్రార్ ఇచ్చే గడువు కొంత ఉంటుంది, ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్, అప్పుడు తీసుకోవాలంటే ఖర్చు బాగా ఎక్కువ. చివరికి ఎవరైనా కొనేసుకోవచ్చు. హోస్టింగ్‌లో ఫైళ్ళు తీసేస్తే మాత్రం దాన్ని ఆపేది అన్నయ్యలే. మన పెద్దోళ్ళ గొంతులు అందులో ఉన్నాయి. అందులో ఇద్దరు ఇప్పుడు లేరు.

అందుకే అన్నయ్యలకి మా మాట: ఆటోపే కావాలన్నవాళ్ళకి ఇవ్వండి, మిగతావాళ్ళని నెట్టొద్దు. ఏడాదికి ఒకసారి షాపు క్యూఆర్‌కి కట్టనివ్వండి, సంత రోజు చేతికిచ్చినా రసీదు రాసివ్వండి. ఎస్సెమ్మెస్‌తో ఆగక ఒక ఫోన్ కొట్టండి. ఫైళ్ళు తీసేముందు కనీసం రెండు నెలలు ఆగండి. కొత్త పద్ధతిని ముందు మీ దగ్గరున్న, సిగ్నల్ అందని కస్టమర్‌తో చేయించి చూడండి. ఆయన చేతికి వస్తే అందరి చేతికీ వస్తుంది.

ఈ ఏడాది మా వాటా పోగైంది, వార్డెన్ సారు దగ్గర కవర్లో ఉంది. ఎక్కడ కట్టాలో చెప్పండి అన్నయ్యా, ఈ ఆదివారం ఎవరో ఒకరం బస్సెక్కుతాం.